నైరుతిలో నాలుగో పోటు

"ఏం లేదమ్మా, కొత్త కట్టడం గదా, రెండు వేళ్లు దిగుతది, ఫికర్ చెయ్యకుండ్రి అని చెప్పి రా. సేటు నిమ్మళమైతడు," అన్నాడు నర్సింహులు సారు ఫోనులో. వెనక నుంచి పెళ్లి బాజాలు వినిపిస్తున్నాయి.

చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అనలేదు. హైదరాబాదులో పెళ్లి విస్తరి ముందు కూర్చున్న మనిషికి ఎల్లారెడ్డిలో దిగిపోతున్న సైలో రెండు వేళ్లే. కామారెడ్డి బస్టాండులో బస్సెక్కుతున్న ప్రమోదకు అది తన సంతకం. నర్సింహులు సారు కామారెడ్డిలో నడిపే మట్టి పరీక్షల ఆఫీసులో ఆమె ఇంజనీరు. ఎక్కడ ఏ కట్టడం లేవాలన్నా ముందు ఆ నేలలోకి కోను దించి, అది తెచ్చిన గీతలు చదివి, ఈ నేల ఇంత బరువు మోస్తుందని రాసిచ్చేది ఆమే. నిరుడు ఎల్లారెడ్డి అవతల, నాగిరెడ్డిపేట రోడ్డు మీద భూపాల్ సేటు కట్టబోయే బియ్యం మిల్లుకు అట్లాగే రాసిచ్చింది. ఆ మిల్లులో వడ్లు నిల్వ చేసే ఇనుప సైలోను ఈ రోజే మొదటిసారి నింపుతున్నారు. సగం నిండకముందే అది ఒక పక్కకు దిగిందని పొద్దున్నే సేటు ఫోను చేశాడు.

బస్సు ఊరు దాటగానే ప్రమోద నిరుటి గీతలు ఒళ్లో పరుచుకుంది.

కోను అంటే పెద్ద మాయేమీ కాదు. ఉక్కు కడ్డీకి ఒక మొన. లారీ మీదున్న యంత్రం దాన్ని ఒకే వేగంతో నేలలోకి నొక్కుకుంటూ పోతుంది. మొనకు నేల ఎంత ఎదురు తిరిగిందో ఒక గీత చెబుతుంది, పక్కన ఎంత ఒరుసుకుందో ఇంకో గీత, నేలలోని నీరు ఎంత తోసిందో మూడో గీత. బంకమట్టి మొనకు లొంగిపోతుంది గానీ పక్కలు పట్టుకుని వదలదు. ఇసుక మొనతో కొట్లాడుతుంది గానీ పక్కల జారిపోతుంది. అందుకని మూడూ కలిపి చదవాలి. ఒక్కదాన్ని నమ్మితే నట్టేట ముంచుతుంది. ఆఫీసులో కుర్రవాళ్లు దీన్ని పోటు అంటారు, ఒక్కో చోట దించితే ఒక్కో పోటు. మిల్లు జాగాలో నాలుగు మూలలకు నాలుగు పోట్లు చాలన్నాడు సారు. "అన్నమంతా పిసికి చూస్తమా, ఒక్క మెతుకు చాలదా?" అనేది ఆయన సామెత. అన్నం ఒక్క కుండలో ఒక్క మంట మీద ఉడుకుతుంది, నేల అట్లా ఉడకలేదు గదా అని ప్రమోద లోలోపలే గొణుక్కునేది. జీతమిచ్చేవాడితో సామెతల పందెం ఎవరు వేస్తారు!

లింగంపేట దాటాక ఆమె వేలు కాగితం మీద ఆగిపోయింది.

ఆ జాగా చెరువు కింది పొలం. పైన నల్లరేగడి, అడుగున బరువు మోసే గట్టి మొరం. ఈశాన్యంలో మొరం పైపైనే తగిలింది. వాయవ్యంలో ఇంకాస్త కింద, ఆగ్నేయంలో మరింత కింద. నేల నైరుతికి వాలుతోంది కాబట్టి నాలుగో పోటులో అది అన్నిటికన్నా లోతున తగలాలి. కానీ నాలుగో పోటు గీత మూడో పోటు గీతను అచ్చు దించినట్టుంది. మొరం అదే లోతున ఉంది. రేగడి మధ్యలో ఎక్కడో సన్నటి గులకరాళ్ల పొర తగిలి మొన గీత ముక్కులాగా పొడుచుకొచ్చిన చోటు కూడా రెండింటిలో ఒక్కటే.

నిరుడు ఇదే చూసి, రెండు మూలలూ ఒక్కతీరుగా ఉన్నాయి, మంచిదే అనుకుంది. ఇప్పుడు రెండు కాగితాలూ ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ వెలుతురుకు ఎత్తి చూసింది. ఒక్క తల్లి కడుపున పుట్టిన పిల్లలే ఒక్కతీరుగా ఉండరు, అంత దూరంలో ఉన్న రెండు మూలల నేల కవలలెట్లా అవుతుంది? ఈ రెండు పోట్లూ పక్కపక్కనే పొడిచినవి. అంటే నైరుతి నేలలో ఏముందో ఎవరూ చూడలేదు. సైలో ఉన్నది సరిగ్గా ఆ నైరుతిలోనే.

మిల్లు ముందు దిగేసరికి ట్రాక్టర్లు, లారీలు రోడ్డు పక్కన బారులు తీరి ఉన్నాయి. యాసంగి వడ్లు, కొన్ని అప్పటికే కుప్పలుగా దించారు. పోచారం వైపు ఆకాశం బొగ్గులా నల్లబడింది. రైతులు ఒక కన్ను మబ్బు మీద, ఒక కన్ను మిల్లు గేటు మీద పెట్టి నిలబడ్డారు. లోపల వడ్లను సైలో పైకి ఎత్తిపోసే ఎలివేటర్ ఆగకుండా తిరుగుతోంది. వడ్లు ఇనుప రేకు మీద పడే హోరు నేల మీద నిలబడితే అరికాళ్లకు తెలుస్తోంది. సైలో నీడలో మిల్లులో కూలికి వచ్చే యాదవ్వ, ఇంకొందరు ఆడవాళ్లు రాలిన వడ్లు ఊడ్చి కుప్ప చేస్తున్నారు. సైలోకు ఆనుకుని ఒక చిన్న గది ఉంది. దాంట్లో పెద్ద సేటు లక్ష్మీరాజం, అంటే భూపాల్ తండ్రి, తెల్ల ధోవతి కట్టుకుని కుర్సీలో కూర్చున్నాడు. బరువు నైరుతిలో ఉండాలి, యజమాని నైరుతిలో కూర్చోవాలి అని వాస్తు. మొదటి నింపు పూర్తయ్యేదాకా ఆయన అక్కడి నుంచి లేవడు.

గది గోడకు, సైలో దిమ్మెకు మధ్య పగులు ఉంది. పొద్దున రెండు వేళ్లన్నారు. ప్రమోద చేయి పెట్టి చూస్తే అరచేయి అడ్డంగా దూరింది.

రెండో సైలో కోసం పరీక్షలు చేయడానికి ఆఫీసు లారీ అప్పటికే అక్కడుంది. కోను నడిపే భీమేష్ దాని నీడలో బీడీ కాలుస్తున్నాడు. మంచి పనిమంతుడు, వంక పెట్టడానికి లేదు. ఆమెను చూసి బీడీ పారేశాడు.

"అన్నా, నిరుడు నాలుగో పోటు యాడ పొడిచినవు?"

భీమేష్ ముఖం చూస్తేనే జవాబు తెలిసిపోయింది.

"పెద్దసేటు వొద్దన్నడు మేడం. నైరుతిల గుంత పొడిస్తే యజమానికి గండమట. నేను సుత మా ఇంట్ల నైరుతిల బోరు ఎయ్యలే. జర తూర్పుకు జరిపిన."

"జర అంటే?"

అతను వేలు పెట్టి చూపించిన చోటు మూడో పోటుకు నాలుగడుగుల దూరం కూడా లేదు.

"నాకు ఒక్కమాట చెప్పకపోతివేందన్నా?"

"మట్టే గదా మేడం, అంత ఒక్కతీరే ఉంటదనుకున్న."

ప్రమోదకు అరవాలనిపించింది. కానీ ఎవరి మీద? అతను పెద్దాయన మాట విన్నాడు. ఆ కవల గీతలు చూసి కూడా అడగనిది తను. భయం, సిగ్గు రెండూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. సిగ్గును పక్కన పెట్టి భయాన్ని పట్టుకుని భూపాల్ దగ్గరకు నడిచింది.

"భూపాలన్నా, నింపుడు ఆపుండ్రి. కింద ఎవ్వరిని ఉంచకుండ్రి."

భూపాల్‌కు నలభై ఏళ్లుంటాయి. పొద్దుటి నుంచి నిలబడే ఉన్నట్టున్నాడు, చొక్కా వీపుకు అతుక్కుంది. "ఆపాలెనా? ఆ లైను చూసినవా? ఆ మబ్బు చూసినవా? వడ్లు తడిస్తే రైతులు నన్ను నిలువునా చీరుతరు. మీ సారు ఫోన్ల ఏమన్నడు, రెండు వేళ్లు మామూలే అన్నడు. నువ్వేమో ఆపమంటవు. ఎవల మాట వినాలె?"

"నైరుతిల నేను మట్టి చూడలే అన్నా. నా రిపోర్టుల నాలుగో పోటు తప్పు."

"గిప్పుడు చెప్తవా గా మాట!" అతని గొంతు ఎలివేటర్ హోరును మించింది. "రుజువు చూపియ్యి, ఆపుత. ఉత్తమాటకు ఆప."

"రుజువు నైరుతిలనే ఉన్నది. కోను దించనియ్యుండ్రి."

ఆ మాట గదిలోకి వినపడింది. "దించనియ్య," అన్నాడు లక్ష్మీరాజం లోపలి నుంచి. గట్టిగా కూడా అనలేదు. జీవితమంతా తన మాట చెల్లించుకున్న మనిషికి గొంతు పెంచాల్సిన పనిలేదు.

ప్రమోద వెళ్లి గడప బయట కూర్చుంది. ఆయనతో మట్టి లెక్కలు మాట్లాడితే చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. ఆయన లెక్కలోనే అడగాలి.

"బాపూ, నైరుతిల గుంత ఉంటే ఏమైతది?"

"యజమానికి గండం. అందుకే వద్దంటున్న."

"గుంత ముందుగాలనే ఉంటే?"

కుర్సీ చేతి మీద తాళం వేస్తున్న ఆయన వేళ్లు ఆగిపోయాయి. కొడుకు వైపు చూశాడు, వెంటనే చూపు తిప్పుకున్నాడు. "ఉంటే ఏంది? పూడిపిస్తం."

"పూడిపిచ్చిండ్రా?"

పైన వడ్లు పడుతూనే ఉన్నాయి. భూపాల్ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"మోటబాయి ఉండె," అన్నాడు లక్ష్మీరాజం చివరికి. "ఈ జాగ కొన్ననాటి ముచ్చట. నువ్వప్పుడు గల్ఫ్‌ల ఉంటివి కొడుకా. నైరుతిల బాయి ఉంటే వంశం నిలువదన్నరు. పాత మిల్లుల ఊక బూడిద, ఇటికె ముక్కలు, ఏది దొరికితే గది పోయిపిచ్చిన. పైన మొరం కొట్టిపిచ్చిన. బాయి పోయింది. పోయినదాని పేరెత్తితే మల్ల వస్తదంటరు, అందుకే ఎవ్వలికి చెప్పలే."

మూడు పనులూ ఒక్క నమ్మకం మీదే జరిగాయి. నైరుతిలో ఉందని బావిని పూడ్చారు, నైరుతిలో ఉండాలని దాని నెత్తిన బరువు పెట్టారు, నైరుతిలో గుంత వద్దని కోనును పక్కకు జరిపారు. ఎవరూ ఎవరికీ చెడు తలపెట్టలేదు. అదే ప్రమోదను ఎక్కువ భయపెట్టింది.

భూపాల్ ముందు తేరుకున్నాడు. "గదెప్పటి ముచ్చట? గిన్నేండ్లకు రాయోలె గట్టిపడి ఉంటది." అన్నాడు గానీ గొంతులో ఇందాకటి ఊపు లేదు.

"గట్టిపడ్డదో లేదో కోను చెప్తది," అంది ప్రమోద.

లక్ష్మీరాజం నేల వైపు చూశాడు, గచ్చు కింద ఉన్నది కనిపిస్తుందేమోనన్నట్టు. "ఉన్న గుంతల పొడిస్తే కొత్త గుంత కాదు గదా," అన్నాడు. "పొడువుండ్రి."

భీమేష్ లారీని గది గోడ పక్కకు తెచ్చి, యంత్రాన్ని కదలకుండా నేలకు బిగించాడు. ఈలోగా ప్రమోద ఆడవాళ్ల దగ్గరకు పరుగెత్తింది. "యాదవ్వా, అందరు గేటు కాడికి పోండ్రి."

"పోతే ఈ రాలిన వడ్లు ఎవలు ఊడుస్తరు బిడ్డా? మేస్త్రీ మమ్ములనే అంటడు," అంటూనే యాదవ్వ లేచింది. నాలుగడుగులు వేశారు, పైనుంచి ఇంకో దోసెడు వడ్లు రాలగానే మళ్లీ చీపుర్లు పట్టుకుని వచ్చారు. కడుపు కోసం చేసే పని ముందు మనిషి చెప్పే మాట ఎంత!

కడ్డీ నేలలోకి దిగింది. లారీ వెనక తెర మీద మొన గీత ఒక్కసారిగా కుడికి ఎగిరింది. పైన కొట్టించిన మొరం అది.

"చూసినవా, రాయి!" అన్నాడు భూపాల్.

ప్రమోద తెర మీద లోతు అంకెల వెంట వేలు జరుపుతోంది. గీత ఇంకాస్త కిందికి దిగి, కాలుజారిన మనిషిలాగా ఎడమకు పడిపోయింది. పడి, అంచుకు ఆనుకుని, అట్లాగే కిందికి కిందికి పోతోంది.

"మేడం," భీమేష్ మీట మీద నుంచి చేయి తీసి చూపించాడు. "నేను నొక్కుతలేను. కడ్డీల బరువుకు అదే పోతున్నది."

తెర పక్కన కంప్యూటర్ ఆ లోతుకు రంగు పూసి పేరు రాసింది. భూపాల్ వంగి చదివాడు. "మెత్తటి బంకమట్టి అని రాసింది గదా! చెరువు కింది నేల, బంకమట్టి కాక ఏముంటది? దానికి తగ్గట్టే దిగుతున్నది."

ఒక్క క్షణం ప్రమోదకు కూడా ఆశ పుట్టింది. బంకమట్టి అయితే మెల్లగా దిగుతుంది, రోజులు పడుతుంది, చక్కబెట్టుకునే వ్యవధి ఉంటుంది. సారు చెప్పిన మాట చెప్పి బస్సెక్కొచ్చు. ఉద్యోగం ఉంటుంది, రైతుల వడ్లు తడవవు, అందరూ నవ్వుతూ ఇంటికి పోతారు. ఆమె మిగతా రెండు గీతలు చూసింది.

"అది పేరు కాదన్నా, పోలిక. దానికి తెలిసిన మట్టిలల్ల ఏది దగ్గరుంటే ఆ పేరు తగిలిస్తది. ఇది చూడుండ్రి. బంకమట్టైతే కడ్డీని పట్టుకోవాలె, ఈ గీత పెరగాలె. పట్టుకుంటలేదు. నీళ్లు తోయాలె, ఈ గీత లేవాలె. లేస్తలేదు. ఇసుకైతే మొనకు ఎదురు తిరగాలె. తిరుగుతలేదు. ఇది మట్టే కాదు. మీ బాపు పోయిపిచ్చిన బూడిద, పోసిననాడు ఎట్లున్నదో గట్లనే పొడిగ, గుల్లగ ఉన్నది. ఇది మెల్లగ దిగేది కాదు. ఒక్కసారే పోతది."

ఆ మాట పూర్తవుతుండగానే మొన గీత ఒక్కసారి కుడికి పొడుచుకొచ్చి మళ్లీ పడిపోయింది. ఇటుక ముక్క. సైలో వైపు నుంచి ఠంగుమని శబ్దం వచ్చింది. ఎక్కడో ఒక బోల్టు తెగింది.

భూపాల్ తెర వైపు చూశాడు. తర్వాత గది కిటికీలోంచి కనిపిస్తున్న తండ్రి తెల్లటి తల వైపు చూశాడు. తెర ఒప్పించిందో, ఆ తల ఒప్పించిందో గానీ, మరుక్షణం అతను మీటల గది వైపు పరుగెడుతూ అరుస్తున్నాడు. "బంద్ చెయ్యిర్రి! బంద్! అందరు బయటికి!"

ఎలివేటర్ ఆగింది. పొద్దుటి నుంచి ఉన్న హోరు పోయేసరికి చెవులు మూసుకుపోయినట్టయింది. ఈసారి యాదవ్వ చీపురు పారేసి మరీ పరుగెత్తింది. లక్ష్మీరాజం మాత్రం లేవనన్నాడు. మొదటి నింపు కాకుండా యజమాని లేస్తే అరిష్టమన్నాడు. భూపాల్ మీటల గది నుంచి పరుగెత్తుకొచ్చాడు. గదిలోకి పోయి, తండ్రిని పసిపిల్లవాడిని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని బయటికి వచ్చాడు. కుర్సీ అక్కడే మిగిలింది.

ఆ తర్వాత జరిగినదంతా ప్రమోద చెప్పినట్టే జరిగింది. లారీని గేటు దగ్గరకు జరిపారు, సైలో చుట్టుపక్కల ఎవరినీ ఉంచలేదు. దూరంగా ఉన్న మీటలతోనే నడిమి తూము తెరిచి, వడ్లను మెల్లగా బయటికి లాగారు. సగానికి పైగా ఖాళీ అయ్యాక వాన దిగింది. మామూలు వాన కాదు, రాళ్ల వాన.

రైతులు వడ్ల మీద ప్లాస్టిక్ తాటిపత్రీలు కప్పేలోపే కొన్ని కుప్పలు తడిసి ముద్దయ్యాయి. "ఎవల మాట వినో మిషను బంద్ పెట్టిండు!" అని ఒకతను నెత్తి కొట్టుకున్నాడు. ఆ మాట ప్రమోదకు చెంపదెబ్బలా తగిలింది. ఆ కుప్ప వెనక ఎంత కష్టం ఉందో ఆమెకు తెలియనిది కాదు. ఫోను మోగింది, నర్సింహులు సారు. "ఏం చేసినవమ్మా! గంత పెద్ద పార్టీని..." అంటున్నాడు. "నాలుగో పోటు ఇయ్యాల పొడిచినం సార్," అని పెట్టేసింది.

అందరూ గేటు దగ్గరి రేకుల షెడ్డులో, తాటిపత్రీల కింద దూరి నిలబడ్డారు. అవతల సైలో ఏమీ ఎరగనట్టు అట్లాగే నిలబడి ఉంది. భూపాల్ దాన్ని చూశాడు, తడిసిన కుప్పలను చూశాడు, ప్రమోదను చూశాడు. "పడలే గదా," అన్నాడు. అంతకన్నా ఒక్క మాట ఎక్కువ అనలేదు, అనుంటేనే బాగుండేది. జరగని ప్రమాదానికి సాక్ష్యం ఎవరు చెబుతారు? గీత ఉంది, కానీ ఈ గుంపులో గీతలు చదివేది ఆమె ఒక్కతే. ఈ వాన వెలిసి, సైలో ఇట్లాగే నిలబడితే, జీవితాంతం తను ఆ వడ్లు తడిపిన మనిషిగానే మిగిలిపోతుంది. అట్లా మిగిలినా మంచిదే, నిలబడనీ అని ఒకసారి అనుకుంది. మరోసారి అనుకోలేకపోయింది.

సైలో పైకప్పు మీద పడిన నీళ్లన్నీ గది పక్కన ధారగా దూకుతున్నాయి. ధార నేల మీద పారడం లేదు. అరచేయి పట్టిన ఆ పగులులోకి, ఎంత పడితే అంతా, చుక్క మిగలకుండా దిగిపోతోంది. అది మొదట చూసింది భీమేష్. "మేడం, నీళ్లు యాడికి పోతున్నయి?" అన్నాడు.

నానిన మట్టిగోడ కూలినట్టు మెత్తటి శబ్దం వచ్చింది. తెరిచి ఉన్న గది తలుపులోంచి అందరికీ కనిపించింది. గది నడుమ గచ్చు లోపలికి వంగింది. కుర్సీ ఒక పక్కకు ఒరిగి, ఎవరో కింది నుంచి కాళ్లు పట్టి లాగినట్టు, చప్పుడు లేకుండా మాయమైంది. తర్వాత గోడలు పోయాయి. సైలో మెల్లగా తల వంచి, ఆ గోడల శిథిలం మీద భుజం ఆన్చి ఆగింది. నిండా వడ్లుంటే ఆగేది కాదని ఎవరూ చెప్పనక్కర్లేదు. గది ఉన్నచోట గుండ్రటి నోరు తెరుచుకుంది, నల్లటి బూడిద బురద సుడి తిరుగుతోంది.

యాదవ్వ తన పక్కనున్న ఆడవాళ్లను ఒక్కొక్కరినీ తడిమి చూసుకుంది. భూపాల్ నేల మీద కూలబడి తండ్రి పాదాలు పట్టుకుని, పెద్దగా, సిగ్గుపడకుండా ఏడ్చాడు.

లక్ష్మీరాజం ఏడవలేదు. ఆయన వణుకుతున్నాడు. ప్రమోద తాటిపత్రి అంచు లాగి ఆయన భుజం మీద కప్పింది. ఆయన ఆ నల్లటి నోటి వైపే చూస్తూ, ఆమెకు మాత్రమే వినపడేట్టు అన్నాడు.

"శాస్త్రం అబద్ధమాడలే బిడ్డా. నైరుతిల గుంత ఉంటే గండమన్నది. ఉన్న గుంతను లేదన్నది నేను."